ఎడమకు లాగిన బండి

దయ్యాలూ భూతాలూ అంటే నాకు చిన్నప్పటినుంచీ నవ్వే. ముప్పై ఏళ్ళకు పైగా గవర్నమెంటు బస్సు నడిపినవాణ్ణి నేను. నెల్లూరు నుంచి తిరుపతి, నెల్లూరు నుంచి మద్రాసు, నైట్ సర్వీసులు లెక్కలేనన్ని చేసినాను. నాయుడుపేట దాటినాక ఒక మలుపులో తెల్లచీర ఆడమనిషి చెయ్యెత్తుతుందని మా డిపోలో సగం మంది ప్రమాణం చేసి చెప్పేవాళ్ళు. అదే మలుపులో నేను బస్సు పక్కకు తీసి, దిగి, ఫ్లాస్కులో టీ తాగినాను. ఎవరూ చెయ్యెత్తలేదు. ఎత్తివుంటే కండక్టరుతో టికెట్టు కొట్టించి ఎక్కించుకునేవాణ్ణి.

ఇప్పుడు చెప్పబోయే దాంట్లో కూడా దయ్యం ఏమీ కనపడదు. ముందే చెప్తున్నా, దాని కోసం చదివేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. ఇందులో ఉండేది ఒక కారు, దాని టైర్లు, మా తమ్ముడు. అంతే.

నా పేరు పెంచలయ్య. మాది మనుబోలు దగ్గర హైవే దిగి తూర్పుకు పోతే వచ్చే ఊరు. ఊరు దాటితే రొయ్యల గుంటలు, గుంటలు దాటితే ఉప్పుటేరు, ఆపైన సముద్రం. మా నాయన వరి పండించినాడు. నేను స్టీరింగు పట్టుకుని ఊరొదిలి పోతే, మా తమ్ముడు మస్తానయ్య ఆ పొలంలో సగం తవ్వించి రొయ్యలు వేసినాడు. రిటైరై నేను మళ్ళీ మా ఊరికే వచ్చినాను. వాడి ఇల్లూ నా ఇల్లూ పక్కపక్కనే, మధ్యలో గోడ కూడా లేదు.

రొయ్యలు బాగా కలిసొచ్చిన సంవత్సరం వాడు మద్రాసులో ఒక పెద్దమనిషి దగ్గర ఫారిన్ కారు సెకండ్ హ్యాండులో కొన్నాడు. ఇక్కడ బిగించిన బండి కాదు. మొత్తం ఆ దేశంలోనే తయారై ఓడలో దిగిన బండి. దాన్ని చూసి ఊరంతా ముక్కున వేలేసుకుంది. నేను మటుకు తిట్టినాను. మన రోడ్డుకు ట్రాక్టరే ఎక్కువ, ఇదెందుకురా నీకు అన్నాను.

వాడు నవ్వినాడు. "అన్నా, నువ్వు ఊరందర్నీ ఎక్కించుకోని తిప్పినావు. నేను మా పాపను ఒక్కదాన్ని తిప్పుకుంటా, నీకేంది కడుపుమంట" అన్నాడు.

పాప అంటే వాడి కూతురు సుప్రజ. ఒక్కతే బిడ్డ. నెల్లూరులో డిగ్రీ చదువుతుంది, హాస్టల్లో ఉంటుంది. బస్సు సౌకర్యం ఉన్నా సరే, వారం వారం శనివారం మధ్యాహ్నం వీడు కారేసుకోని పోయి తీసుకొచ్చేవాడు. దోవలో గూడూరు మామిడిపళ్ళో, మొక్కజొన్న కండెలో ఏదో ఒకటి కొనకుండా వచ్చేవాడు కాదు. ఆ పిల్లకు డ్రైవింగు కూడా ఆ కారు మీదే, గుంటల పక్కన మట్టిరోడ్డులో నేర్పినాడు. నేర్పేటప్పుడు వాడి అరుపులు మా ఇంటికి వినపడేవి.

ఒకరోజు పొద్దున వాడు మా వసారాలోకి వచ్చి కూర్చుని, "అన్నా, బండి ఎడమకు లాగతా ఉండాది" అన్నాడు.

బండి నడిపేవాళ్ళకు ఇది మామూలు మాటే. ఒక టైరులో గాలి తగ్గినా, ఒకవైపు అరిగినా, చక్రాల అలైన్‌మెంటు తప్పినా స్టీరింగు ఒక పక్కకు లాగుతుంది. సరే పద అని నేనే నడిపి చూసినాను. హైవే మీద రోడ్డు తిన్నగా ఉన్న చోట రెండు చేతులూ స్టీరింగు మీద నుంచి తీసేసినాను. బండి దారం లాగినట్టు నేరుగా పోయింది.

"ఏముందిరా దీనికి, బంగారంలా ఉంది" అన్నాను.

"నువ్వు పట్టుకుంటే బుద్ధిగా ఉంటాదన్నా. నేను పట్టుకుంటేనే లాగతాది."

"బండికి కూడా చిన్నంతరం పెద్దంతరం తెలుసు, నీకే తెలీదు" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

వాడికి మనసు ఆగలేదు. నెల్లూరు బైపాసులో ఖాదర్ అని నాకు తెలిసిన అతను టైర్ల షాపు నడుపుతాడు, అలైన్‌మెంటు మిషను కూడా పెట్టినాడు. అక్కడికి తీసుకుపోయినాం. నాలుగు చక్రాలకూ పలకలు బిగించి, కంప్యూటర్లో చూపించినాడు. తప్పుంటే ఎర్రగా కనపడుతుంది, సరిగ్గా ఉంటే పచ్చగా. నాలుగూ పచ్చగానే ఉన్నాయి. ఖాదర్ టైరును బొటనవేలితో నొక్కి చూసి, "రబ్బరు గట్టిపడిపోయింది మస్తానన్నా, పక్కల పగుళ్ళు చూడు. మీ ఉప్పుగాలికి ఏదీ నిలవదు. ముందు టైర్లు మార్చండి" అన్నాడు.

అక్కడినుంచి మొదలైనాయి అసలు తిప్పలు. ఆ బండికి ముందు టైర్లు ఒక సైజు, వెనక టైర్లు ఇంకో సైజు. స్టెప్నీ లేదు. గాలి పోయినా కొంతదూరం పరిగెత్తే రకం టైర్లంట, అందుకని స్టెప్నీయే ఇవ్వరంట. నెల్లూరులో ఏ షాపులో అడిగినా ఆ నంబరు చూసి తల అడ్డంగా ఊపినారు. గూడూరులో లేవు. కావలిలో ఒకాయన ఉన్నాయన్నాడని పోతే వెనక టైర్లు మాత్రమే ఉన్నాయి. బిట్రగుంటలో మా పాత కండక్టరు ఒకడు, దగ్గర దగ్గర సైజు వేసేయండి, ఎవరు చూడొచ్చినారు అన్నాడు. నేను ఒప్పుకోలేదు. చివరికి ఖాదరే మద్రాసు డీలరుకు చెప్పి ఆర్డరు పెట్టించినాడు. అక్కడ కూడా లేవు, ఓడలో రావాలన్నారు. బండీ ఓడలోనే, దాని చెప్పులూ ఓడలోనే అని నేను ఎగతాళి చేసినాను.

టైర్ల కోసం ఎదురుచూసిన ఆ రోజుల్లో వాడు కనపడ్డప్పుడల్లా అదే మాట. ఇవాళ ఇంకొంచెం ఎక్కువ లాగిందన్నా అనేవాడు. ఖాదర్‌కు ఫోన్ చేసి వచ్చినాయా వచ్చినాయా అని ప్రాణం తీసేవాడు.

టైర్లు రాలేదు. ఒక శనివారం మధ్యాహ్నం హాస్టలు నుంచి పాపను తీసుకొస్తూ, మా ఊరికి ఇంకో రెండు మలుపులు ఉన్నాయనగా, కల్వర్టు పక్కన తుమ్మచెట్ల దగ్గర వాడు బండి ఆపినాడు. టైరు చూసొస్తా అని పాపకు చెప్పి దిగినాడు. ముందు ఎడమ టైరు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ఎంతకీ లేవకపోతే పాప దిగి చూసింది. టైరుకు తల ఆనించి పడివున్నాడు.

నెల్లూరులో పెద్దాసుపత్రిలో చేర్చినాం. మెదడులో రక్తం గడ్డకట్టింది అన్నారు. మళ్ళీ కళ్ళు తెరవలేదు. డాక్టరు బయటికి వచ్చి, ఇంతకుముందు ఎప్పుడైనా చెయ్యిగానీ కాలుగానీ పట్టు తప్పినట్టు చెప్పినాడా అని అడిగినాడు. నేనూ, వాడి భార్య రమణమ్మా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. లేదు సార్, ఎద్దులా ఉండేవాడు సార్ అని నేనే చెప్పినాను. పాప గోడకు ఆనుకుని నిలబడివుంది.

ఆ పిల్ల ఏడవలేదు. అందరూ గుండెలు బాదుకుని ఏడుస్తుంటే దాని కళ్ళల్లో ఒక్క చుక్క రాలేదు. అడిగినదానికి ఊ, ఊహూ తప్ప మాట లేదు. ఇంటి ముందర ఆ కారు ఉంటే పెరటి దోవన వచ్చేది. మొగుడు పోయిన దుఃఖం కన్నా ఆ బిడ్డ మౌనమే రమణమ్మను ఎక్కువ తినేసింది. "బావా, ఆయనెట్టాగూ పోయినాడు. ఇది కూడా నా చేతుల్లోంచి పోతా ఉండాది" అని మా ఇంటికొచ్చి ఏడ్చేది.

పెద్దకర్మ నాడు గుంటల గట్టు మీద పిండం పెట్టినాం. మామూలుగా చచ్చిన రొయ్యల కోసం ఆ గట్టు మీద కాకులు మూగివుంటాయి, తోలినా పోవు. ఆ రోజు అన్నీ కరెంటు తీగల మీద వరసగా కూర్చున్నాయి, ఒక్కటీ దిగలేదు. మా దగ్గర కాకి ముట్టలేదంటే పోయినవాడికి ఏదో తీరని కోరిక ఉందని లెక్క. దగ్గరివాళ్ళు ఒక్కొక్కరూ ముందుకొచ్చి మాటిస్తారు. రమణమ్మ గుంటలు అమ్మను అని చెప్పింది. ఆమె అన్న పాపను చదివిస్తాం అన్నాడు. రొయ్యలు కొనే షావుకారు కూడా ఏదో చెప్పినాడు. కాకులు కదల్లేదు.

ఎండ నెత్తి మాడ్చేస్తా ఉంది. ఇవన్నీ నాకు గిట్టవు. మా మేనత్త నన్ను పొడిచి, పెద్దోడివి, నువ్వు చెప్పరా అనింది. విసుగ్గానే ముందుకు పోయినాను. ఏం చెప్పాలో అనుకోలేదు, అదే వచ్చేసింది.

"ఒరే మస్తానా, బిడ్డను సగం దోవలో వదిలేసి పోయినావు కదరా. నేను చేరుస్తాలేరా. నీ బండిలోనే తీసుకొచ్చి నీ గడప ముందర దించుతా. తినరా నాయనా."

ఒక కాకి దిగింది. రెండు ముద్దలు తిని పోయింది. ఆడవాళ్ళంతా ఒక్కసారిగా బావురుమన్నారు. కాకికి ఆకలైంది, దిగింది అని నేను అనుకున్నాను. కానీ నోరు జారిన మాట అయినా మాట మాటే కదా.

పాపను ఆ కారు ఎక్కించడం నా వల్ల కాలేదు. రెండుసార్లు హాస్టలుకు ఫోన్ చేసి చూసినాను. నేను బస్సుకు వస్తా పెదనాన్నా అని పెట్టేసింది. కారును గుంటల్లో నీళ్ళు చిలికే ఏరేటర్లు పెట్టే షెడ్డులో పెట్టి పట్ట కప్పేసినాం.

కొన్ని నెలలకు మస్తానయ్య ఫోను మోగింది. రమణమ్మ ఆ ఫోనును ఇంకా చార్జింగు పెడుతూనే ఉండేది. ఎత్తితే ఎవరో మద్రాసు నుంచి, మస్తానయ్య గారేనా, మీ టైర్లు వచ్చినాయండీ, నెల్లూరు షాపుకు పంపించినాం అన్నారు. ఆమె ఏమీ చెప్పలేక ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది. వాడు ఎంత ఎదురుచూసిన ఫోనో అది. తీసుకుంటాంలే అని చెప్పి పెట్టేసినాను.

సరే, కొన్న టైర్లు కుళ్ళబెట్టడం ఎందుకని, పాత టైర్ల మీదే మెల్లగా నెల్లూరు తీసుకుపోయినాను. ఖాదర్ నాలుగూ బిగించి, అలైన్‌మెంటు చేసినాడు. మిషను మీద నాలుగు చక్రాలూ పచ్చగా వచ్చినాయి. నాలుగు నిమ్మకాయలు టైర్ల కింద పెట్టించి తొక్కించినాడు. వద్దంటే ఊరుకోలేదు, మస్తానన్న ఉండుంటే పెట్టించేవాడు కదన్నా అన్నాడు.

ఆ రోజు ఇంటికి వస్తూ ఉంటే బండి ఎడమకు లాగింది.

గట్టిగా కాదు. పక్క సీట్లో కూర్చున్న మనిషి స్టీరింగును రెండు వేళ్ళతో పట్టుకుని తనవైపు లాగినట్టు. రోడ్డు వాటం అనుకున్నాను. వాన నీళ్ళు జారిపోయేదానికి రోడ్డును పక్కలకు వాటంగా వేస్తారు, కొంచెం లాగడం మామూలే. మరుసటి రోజు ఎవరూ లేనప్పుడు రోడ్డు నట్టనడుమ నడిపి చూసినాను. లాగింది. హైవే ఎక్కించి చూసినాను. లాగింది.

మళ్ళీ ఖాదర్ దగ్గరికి పోయినాను. గాలి చూసినాడు. ముందు టైర్లు కుడిది ఎడమకు, ఎడమది కుడికి మార్చినాడు. మిషను మీద మళ్ళీ పెట్టినాడు. అంతా పచ్చ. అయితే పద అని నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తనే నడిపినాడు. చేతులు తీసేస్తే బండి దారం లాగినట్టు పోయింది. దిగి నేను ఎక్కినాను. అదే రోడ్డు, అదే బండి. ఎడమకు లాగింది. నేను తిప్పుకుంటూ ఉంటే అతను నా చేతుల వంకే చూసి, "లాగడం లేదన్నా. నువ్వే తిప్పుతున్నావేమో" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను ఘాటు రోడ్లో బస్సు తిప్పేనాటికి నువ్వు పుట్టలేదు పోరా అన్నాను. పాపం, మంచివాడు, ఏమీ అనలేదు. ఆ కోపంలోనే మా అల్లుడి కారు తీసుకుని గూడూరు దాకా పోయొచ్చినాను. తిన్నగా పోయింది. నా పాత మోపెడ్డు తీసినాను. అదీ తిన్నగానే పోయింది. లాగేది ఈ ఒక్క బండే, అదీ నాకొక్కడికే.

అప్పుడు వాడి మాట గుర్తొచ్చింది. నువ్వు పట్టుకుంటే బుద్ధిగా ఉంటాది, నేను పట్టుకుంటేనే లాగతాది అన్నాడు కదా. ఆ ఖాళీ బండిలో కూర్చుని, "ఇప్పుడు నాక్కూడా లాగతా ఉందిరా మస్తానా" అని పైకే అన్నాను. అని, నా తిక్కకు నేనే సిగ్గుపడి, కళ్ళు తుడుచుకుని ఇంట్లోకి పోయినాను. ఏడుపు లోపల పెట్టుకుంటే మనిషికి ఇట్టాంటివి పుడతాయని సరిపెట్టుకున్నాను.

ఆ వారం శనివారం చెప్పకుండా హాస్టలుకు పోయినాను. పాప బ్యాగు వేసుకుని బస్టాండుకు బయలుదేరతా ఉంది. కారును చూసి ఆగిపోయింది.

"నేను బస్సుకు పోతా పెదనాన్నా."

"అమ్మా, మీ నాయనకు మాటిచ్చినాను. కాకి ముందర అన్న మాట. నిన్ను ఈ బండిలో ఇంటికి చేర్చాల. ఒక్కసారి రా తల్లీ, మళ్ళీ అడగను."

టైర్ల వంక చూసి, కొత్తవా అని అడిగింది. మీ నాయన తెప్పించినవే అన్నాను. వంగి ముందు టైరు మీద చెయ్యి పెట్టింది, ఆసుపత్రిలో వాడి తల మీద పెట్టినట్టు. తర్వాత వెనక సీట్లో ఎక్కి కూర్చుంది.

హైవే మీద బండి కొంచెం కొంచెంగా లాగుతూనే ఉంది. నేను బయటపడకుండా పట్టుకుని నడిపినాను. మనుబోలు దగ్గర హైవే దిగి తూర్పుకు తిరిగినామో లేదో లాగుడు ఎక్కువైంది. అంతకు ముందెప్పుడూ అంత లాగలేదు. రెండు చేతులతో కుడికి ఒత్తి పట్టుకోవాల్సి వచ్చింది. పాప ఉందని కూడా మరిచిపోయి, డ్రైవరు నోరు కదా, నాలో నేను అనేసినాను: "ఇదేం బండిరా సామీ, ఎడమకు లాగతా ఉండాది."

వెనక నుంచి నా భుజం మీద చెయ్యి పడింది. గోళ్ళు దిగినాయి.

"ఆపు! పెదనాన్నా, ఆపు బండి!"

ఆపినాను. ఆపినాక చూస్తే అవే తుమ్మచెట్లు, అదే కల్వర్టు. ముందు ఎడమ చక్రం తారు దిగి మట్టిలో ఉంది. పాప దిగి పరిగెత్తుకుంటూ వచ్చి నా తలుపు తీసింది.

"నాన్న ఇదే మాట అన్నాడు. ఇక్కడే. ఎడమకు లాగతా ఉండాదమ్మా, టైరు చూసొస్తా అని దిగినాడు. లాగింది బండి కాదు పెదనాన్నా. నాన్న చెయ్యి. ఎడమ చెయ్యి పట్టు తప్పి స్టీరింగు మీద బరువుగా వేలాడతా ఉంటే బండి లాగతా ఉందనుకున్నాడు. డాక్టరు అడిగినప్పుడు నాకు తట్టలేదు. తర్వాత చదివి తెలుసుకున్నా. అమ్మకు ఎట్టా చెప్పేది? నీకు ఎట్టా చెప్పేది?"

ఇన్ని నెలలూ ఆ పిల్ల నోరు ఎందుకు పడిపోయిందో అప్పుడు తెలిసింది. టైర్ల కోసం నెల్లూరు నుంచి కావలి దాకా తిరిగినాం. బండిని మిషను ఎక్కించి చూపించినాం. మనిషిని ఎవరికీ చూపించలేదు. బస్సు డ్రైవరు అన్నగా ఉన్నవాడికి, బండి లాగుతుందంటే బండే గుర్తొస్తుంది.

పాప నా చేతులు రెండూ పైకెత్తించింది. దాని వేళ్ళు పట్టుకుని పిసకమనింది. రెండు చేతులకూ సమానంగా బలం ఉంది. నాకేం లేదమ్మా, చూడు, అదిగో మన ఊరి ట్యాంకు కనపడతా ఉంది, ముందు ఇంటికి పోదాం, మాటిచ్చినాను అన్నాను. వినలేదు. అరిచినాను. నాకన్నా పెద్దగా అరిచింది. నిన్ను కూడా ఇక్కడ పోగొట్టుకోను అని నా చొక్కా పట్టి కిందికి లాగింది. అప్పుడు ఏడ్చింది. తండ్రి పోయినాక మొదటిసారి, ఆ రోడ్డు మీద, పెద్దగా నోరు తెరిచి ఏడ్చింది. ఏడుస్తూనే స్టీరింగు ముందర కూర్చుని బండి వెనక్కు తిప్పి నెల్లూరు దారి పట్టించింది. నేను పక్కన కూర్చుని స్టీరింగు వంకే చూస్తా ఉన్నాను. దాని చేతిలో బండి ఏ పక్కకూ లాగలేదు.

ఆసుపత్రిలో ఉన్న డాక్టరు నన్ను నడిపించి, చేతులు కాళ్ళు లాగి చూసి, ఏమీ లేదు తీసుకుపొమ్మన్నాడు. పాప కదల్లేదు. మా నాన్న అట్నే పోయినాడు, తలా మెడా స్కాన్ తీసేదాకా పోను అని కుర్చీ పట్టుకుని కూర్చుంది. పోరు పడలేక తీసినారు. తీసినాక ఆ డాక్టరు ఇంకో పెద్ద డాక్టరును పిలిపించినాడు. మెదడుకు రక్తం తీసుకుపోయే నరం నా మెడలో కుడి పక్కన దాదాపు పూడిపోయి ఉంది. అది మూసుకుంటే ఎడమ పక్క పడిపోతుందంట. నన్ను అక్కడినుంచే మద్రాసు పంపించినారు. ఆపరేషను అయింది.

ఆపరేషనుకు ముందు నేను పెద్ద డాక్టరును అడిగినాను, అందుకేనా సార్ నాకు బండి ఎడమకు లాగింది అని. ఆయన మళ్ళీ చేతులు పరీక్ష చేసినాడు. కళ్ళు మూసుకుని రెండు చేతులూ చాచమన్నాడు. ఏ చెయ్యీ దిగలేదు.

"మీ చేతిలో పట్టు ఏమాత్రం తగ్గలేదు. అంతదాకా వచ్చుంటే స్కాన్లో మెదడు మీద గుర్తు ఉండేది. మీకు ఇంకా ఏ లక్షణమూ మొదలు కాలేదు. బండి లాగుతుంటే మాత్రం ఒకసారి టైర్ల షాపులో చూపించుకోండి" అన్నాడు.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

డిశ్చార్జి రోజు పాపే మద్రాసు నుంచి నడుపుకుంటూ తీసుకొచ్చింది. మనుబోలు దగ్గర తిరిగినాక తుమ్మచెట్ల దగ్గర మెల్లగా పోనిచ్చింది.

"లాగతా ఉందా తల్లీ?" అని అడిగినాను.

"లేదు పెదనాన్నా" అనింది. కళ్ళు తుడుచుకోని, ముందుకు పోనిచ్చింది.

గడప ముందర రమణమ్మ హారతి పళ్ళెం పట్టుకుని నిలబడివుంది. కూతురు ఆ బండిలోంచి దిగడం చూసి పళ్ళెం కింద పెట్టేసి దాన్ని పట్టుకుంది. బిడ్డను ఇంటికి చేరుస్తానని మాటిచ్చింది నేను. చేర్చింది ఆ బిడ్డ. లెక్కకు మటుకు మాట తీరింది. ఆ సాయంత్రం పాప తల్లి ఒళ్ళో తల పెట్టుకుని చెయ్యి సంగతి అంతా చెప్పేసింది. రమణమ్మ నా వైపు చూసి, "గుంటలో చెక్ ట్రే పైకి లాగేటప్పుడు ఆయన ఎన్నిసార్లు తాడు జారవిడిచినాడో బావా. మేత తిన్నాయో లేదో చూసే తట్ట, చిన్నపిల్లోడైనా లాగుతాడు. తాడు నున్నగా ఉందన్నాడు. నేను కొత్త తాడు కట్టించినా" అనింది.

ఇప్పుడు డాక్టరు ఒప్పుకున్నాక అప్పుడప్పుడూ నేనూ ఆ కారు నడుపుతున్నాను. లాగదు. చేతులు తీసేస్తే దారం లాగినట్టు పోతుంది. ఖాదర్ దగ్గర మళ్ళీ మిషను ఎక్కించి చూసినాను. అప్పుడు వచ్చిన అంకెలే ఇప్పుడూ వచ్చినాయి, వెంట్రుకవాసి తేడా లేదు. టైర్లు అవే. రోడ్డు అదే.

బండిలో తప్పు లేదని మిషను చెప్పింది. చేతిలో తప్పు లేదని డాక్టరు చెప్పినాడు. మరి ఆ స్టీరింగును ఎడమకు లాగింది ఎవరు? ఎన్ని రకాలుగా ఆలోచించినా నాకు తెగలేదు. మా ఊళ్ళో అందరికీ సులువుగా తెలిసిపోయింది, మస్తానయ్యే అంటారు. నేను తల ఊపను. దయ్యాలు లేవనే ఇప్పటికీ నా మాట. ఒకవేళ ఉన్నా, మా తమ్ముణ్ణి ఆ మాట ఎట్టా అంటాను?

రాత్రి నిద్ర పట్టనప్పుడు మటుకు ఒక్కటే అనుకుంటాను. నన్ను లాగేదానికి వాడున్నాడు. వాణ్ణి లాగేదానికి ఎవరూ లేకపోయినారు. నా పక్కన కూర్చుని, నవ్వుతా, ఎడమకు లాగతా ఉండాదన్నా అని వాడు చెప్తానే ఉన్నాడు. నేను టైర్లు వెతకతా ఉన్నాను.